కుళ్ళాయప్ప జెముడు

రోజు 1

కుళ్ళాయప్ప చచ్చిన మూడో నాడు వాడి జెముడు మొక్కను తెచ్చి నా గుమ్మంలో పెట్టింది దస్తగిరమ్మ. బయటి గాలి చొరని ఈ మూడో గ్యాలరీలో గాలి మీటర్లు చూసేదీ ఆమే, చావు కబుర్లు మోసేదీ ఆమే.

"చివరి మాటగా మీ పేరే చెప్పి పొయ్యినాడు సార్," అంది.

"ఏ పేరు?"

"హనుమంతరాయుడు అని. మతి తప్పిందేమో అనుకోని నేనూ రెండుతూర్లు అడిగినా."

"తప్పే ఉంటుంది. తీసుకుపో."

"తీసకపోతే ఉమ్మడి తోటలో కలిపేస్తారు. కలిపితే శివలీల కత ముగిసినట్టే. ఆ పాపం మీరు మోస్తారా, నేను మొయ్యాల్నా?"

శివలీల కుళ్ళాయప్ప మనవరాలు. ముప్పై తొమ్మిదేళ్ళు నిండాయి, పిల్లల్లేరు. ఇక్కడ బిడ్డను కనాలంటే ముందు ఇంటి మొక్క కాయ కాయాలి. ఒక కాయకు ఒక బిడ్డ. ఇంకొక ఊపిరికి చోటుందని ఆ కాయే రుజువు. సొంత మొక్క ఎండిపోయినవాళ్ళకు, ఇంట్లో చనిపోయిన పెద్దల మొక్క మీద నూరు రోజుల గడువిస్తారు. ఆ గడువులో కాయ పండేదాకా మొక్కను రక్తసంబంధం లేని మనిషి సాకాలి. సొంతవాళ్ళయితే దొంగకాయ అంటిస్తారని భయం. సాకే మనిషి రోజువారీ చిట్టా రాయాలి. ఇదే ఆ చిట్టా.

ఈ గ్యాలరీలో నాలుగు వందల మంది ఉన్నారు. వాళ్ళలో కుళ్ళాయప్పకు చుట్టం కానివాళ్ళే ఎక్కువ. వాళ్ళందరినీ వదిలేసి, ముప్పై ఏళ్ళుగా వాడి ముఖం చూడని నన్ను పట్టుకున్నాడు. చచ్చేటప్పుడు కూడా నా చేత చాకిరీ చేయించుకోవాలనిపించింది కాబోలు.

మొక్క బత్తాయిపండంత గుండు. కణుపుల మధ్య తెల్లని నూగు, కొనలు వంగిన ముళ్ళు. ఇసుక, ఇటుకపొడి కలిపిన మట్టి. చేతివాటం తెలిసినవాడు నాటిందేనని ఒప్పుకోక తప్పదు. తక్కెడలో ఒక పక్క తొట్టి, ఒక పక్క బేరింగు గుండ్లు వేసి తూచాను. నూట నలభై ఆరు గుండ్లు.

రోజు 2

ఇక్కడి మొక్కలకు మాటలు పెట్టాలి. దీన్ని మూఢనమ్మకం అనుకునేవాళ్ళు గాలి మిషను దగ్గరికి వెళ్ళి ఒకసారి చూడాలి. మన ఊపిరిలోంచి మొక్కకు కావలసిన సారాన్నంతా ఆ మిషను కడిగి పారేస్తుంది. అంత శుభ్రమైన గాలిలో మొక్క పస్తుంటుంది. అందుకని సాయంత్రం దీపాలు సగం తగ్గించాక, ఎవరి మొక్క ముందు వాళ్ళు జానెడు దూరంలో కూర్చుని అరగంట మాట్లాడతారు. ఏం మాట్లాడితేనేం, ఊపిరి తగిలితే చాలు. పక్క గదుల్లోవాళ్ళు మొక్కలకు కూరల రుచి గురించీ కోడళ్ళ గురించీ చెప్పుకుంటారు. మూడు వేల పుస్తకాలు చదివిన నేను ఇన్నాళ్ళూ నా మొక్కకు పద్యాలు చదివాను. అది నిరుడు ఎండిపోయింది. దాని గురించి ఎవరూ ఏమీ అననక్కర్లేదు.

ఈ సాయంత్రం కుళ్ళాయప్ప మొక్క ముందు కూర్చున్నాను. "దొంగనాకొడకా," అని మొదలుపెట్టాను. అరగంట ఎలా గడిచిందో తెలియలేదు.

రోజు 5

ఈ రోజు దానికి నా పుస్తకం కథ చెప్పాను. చిట్టా ఎవరు చదువుతారో తెలియదు గనక ఇక్కడా రాస్తున్నాను.

ముప్పై ఏళ్ళ కిందట జ్వరాల ఏడాది వచ్చింది. నలభై ఒక్క మంది పోయారు. వాళ్ళ మొక్కలన్నీ నర్సరీలో పెట్టి, సాకే పని కుళ్ళాయప్పకు అప్పగించారు. అప్పటికి నేను బడి పంతులును. నాలుగేళ్ళు కూర్చుని జెముడు సాకే విధానం మీద నేను రాసిన పుస్తకం ప్రతి గదిలోనూ మేకుకు వేలాడుతుండేది. పన్నెండు రోజులకొకసారి, అడుగునుంచి, అరచెంబు నీళ్ళు. అంతకు మించి ఒక్క చుక్క కూడా వద్దని మూడు చోట్ల రాశాను.

నెల తిరగకుండా నలభై ఒక్క మొక్కలూ మొదలు దగ్గర కుళ్ళిపోయాయి. సభ పెట్టారు. చదువురాని కుళ్ళాయప్ప లేచి నిలబడి, "పుస్తకంలో చెప్పినట్టే నీళ్ళు పోసినా. పుస్తకమే తప్పు," అన్నాడు. అంతే. మూడు వందల చేతులు లేచాయి. వాటిలో నేను అక్షరాలు దిద్దించిన చేతులు ఎన్నో చెప్పగలను. పుస్తకాలన్నీ పోగుచేసి, నానబెట్టి, రుబ్బి, భోజనశాలకు ప్లేట్లు చేశారు. నెల రోజులు నా వాక్యాల మీదే నేను సంకటి తిన్నాను. బడి పోయింది. ఒక్క ప్రతి మాత్రం పరుపులో దాచుకోగలిగాను.

ఇదంతా చెప్పేసరికి గొంతు ఎండిపోయింది. మొక్క మాత్రం ఏపుగా ఉంది. నూట యాభై ఒక్క గుండ్లు.

రోజు 12

గుండు చుట్టూ గులాబిరంగు చుక్కలు తేలాయి. తొమ్మిది మొగ్గలు.

శివలీల వచ్చింది. గడప దాటడానికి ఆమెకు వీల్లేదు. బయటే నిలబడి మెడ సాచి చూసింది. బియ్యపు గింజంత మొగ్గలను గాలిలో వేలాడిస్తూ లెక్కపెట్టుకుంది.

"బాగా సాకుతాండారు సార్."

"సాకడం లేదు. మీ తాతను రోజూ తిడుతున్నాను."

"తెలుసు. పక్క రూములోళ్ళు చెప్పినారు. వానికి గావాల్సిందీ అదే," అని నవ్వింది. "మా జేజినాయన ఏమన్న్యాడో చెప్పల్లా? యావురికిస్తావని నేనడిగితే, 'రాయుడికిస్తా. వాని కాడ ఉన్నంత ఊపిరి నా మింద ఇంకెవురి కాడా ల్యా. చుట్టాలు రెండు దినాలు ఏడ్చి మర్చిపోతారు. వాడు మర్చేవాడు కాదు' అన్న్యాడు."

ఆమె వెళ్ళాక తలుపు వేశాను. కొలిమి తిత్తికి, నాకు తేడా ఏమిటి? వాడు నన్ను తిత్తిగా వాడుకుంటున్నాడు. ఈ సాయంత్రం మాటలు పెట్టలేదు.

రోజు 14

రెండు రోజుల మౌనానికి నాలుగు గుండ్లు తగ్గింది. నాకు నిద్ర పట్టలేదు. మళ్ళీ మొదలుపెట్టాను. శివలీల కోసం కాదు. నాకు ఆగలేదు.

రోజు 16

దస్తగిరమ్మ పలకా బలపం పట్టుకుని వచ్చింది. ప్రతి గదికీ తలుపు పైన, బయటి వైపు, గాలి మీటరు ఉంటుంది. లోపల ఎంత ఊపిరి విడుదలవుతున్నదో దాని ముల్లు చూపిస్తుంది. ఎవరూ లేనప్పుడు సున్నా మీద ఉంటుంది. ఒక మనిషికి ఒక గీత.

"సార్, మీరు మెస్సులో తింటాండప్పుడు మీ రూములో ఎవురుంటారు?"

"ఎవరుంటారు? ఎవరూ ఉండరు."

"మూడు దినాల నుంచీ చూస్తాండా. మీరు తాళమేసి పొయ్యినాక ముల్లు ఒగ గీత కాడికి లేస్తాది. పావుగంట అట్లే ఉండి దిగుతాది. మంచం కింద యావురినన్నా దాచి పెట్టుకున్న్యారా? ఈ వయసులో?"

"వెతుక్కో."

వెతికింది. మంచం కింద, పరుపు కింద, అలమరాలో. పరుపులో పుస్తకం చేతికి తగిలే ఉంటుంది. ఏమీ అనలేదు. చివరికి గది మధ్యలో నిలబడి ముక్కు ఎగబీల్చింది.

"వక్కాకు నమిల్నారా?"

నేను నమలను. ఈ గ్యాలరీలో తమలపాకు తీగ పెంచినవాడు ఒక్కడే.

రోజు 18

మొక్క బరువు ఆగిపోయింది. నేను రోజూ అరగంట ఊపిరి పోస్తున్నా ఒక్క గుండు కూడా పెరగడం లేదు.

మాటలు పెట్టి, బయటికి వచ్చి, తలుపు వేసి, వసారాలోనే నిలబడ్డాను. తలుపుకు ఒక చిన్న అద్దం ఉంది. కాసేపటికి మీటరు ముల్లు కదిలింది. చాలా మెల్లగా, మనిషి కూర్చున్నచోటి నుంచి లేచినట్టు, ఒక గీత దగ్గరికి వచ్చి నిలిచింది. అద్దంలోంచి చూశాను. గదిలో ఎవరూ లేరు. చప్పుడు లేదు. మొక్క మీది తెల్లని నూగు మాత్రం కదులుతోంది. ఎదుట ఎవరో కూర్చుని మాట్లాడుతుంటే ఎలా కదులుతుందో అలాగే. కానీ లోపలి వైపు కాదు. బయటి వైపు.

లోపలికి వెళ్ళి తూచాను. మూడు గుండ్లు తక్కువ. నేను పోసిన ఊపిరిని అది తిప్పి పంపుతోంది.

రోజు 21

మూడు రోజులుగా పరీక్షిస్తున్నాను. ఒక్క వాక్యం చెప్పడం, బయటికి రావడం, ముల్లు చూడడం.

నా చిన్నప్పుడు మా అమ్మ నాకు చింతబరికతో అక్షరాలు నేర్పిన సంగతి చెప్పాను. ముల్లు కదల్లేదు. మొక్క ఉంచుకుంది.

కుళ్ళాయప్ప పెళ్ళాం పేరు చెప్పాను. ముల్లు లేచింది.

నా వీపు మీద ఉన్న పుట్టుమచ్చ సంగతి చెప్పాను. కదల్లేదు. వాడి ఎడమకాలికి రెండు వేళ్ళు లేవని చెప్పాను. లేచింది. ఆ మాటనే వేరే పదాలతో, చుట్టూ తిప్పి చెప్పాను. అయినా లేచింది. దానికి పదాలతో పనిలేదు, విషయమే చూస్తుంది.

వృక్షశాస్త్రాలన్నీ గుర్తు తెచ్చుకున్నాను. ఏ శాస్త్రంలోనూ దీనికి పేరు లేదు. నాకు అర్థమైనంతవరకు ఇదీ సంగతి: కుళ్ళాయప్ప ముప్పై ఏళ్ళు ఈ మొక్కకు ఏమేం చెప్పాడో అదంతా దీనిలో ఉంది. వాడు చెప్పని మాట వింటే తాగుతుంది. వాడు ముందే చెప్పిన మాట వింటే, మనం తిన్న అన్నం మళ్ళీ పెడితే వద్దన్నట్టు, తిప్పి పంపుతుంది.

అంటే కుళ్ళాయప్పను నేను ఇప్పుడు అడగవచ్చు. సభలో అడగనివ్వలేదు. మూడు వందల చేతులు లేచి నా నోరు మూయించాయి. ఇక్కడ చేతులు లేవు. వాడూ నేనూ ఒక ముల్లూ.

రోజు 24

మొదటి వాక్యం: "రాయుడి పుస్తకం తప్పు."

ముల్లు కదల్లేదు. నిలబడి నిలబడి కాళ్ళు లాగాయి. సున్నా మీదే ఉంది. సభలో అరిచి చెప్పిన మాట ఇంటికొచ్చి మొక్కకు ఒక్కసారీ చెప్పలేదన్న మాట.

రెండో వాక్యం: "రాయుడి పుస్తకం ఒప్పు."

ముల్లు ఒక గీత దాటింది. రెండు గీతలు దాటింది. మూడో గీత మీద నిలబడి వణికింది. ఒక్క మనిషి అంత ఊపిరి వదలలేడు. ఆ మాట ఎన్ని సాయంత్రాలు చెబితే అంత పేరుకుంటుంది?

వసారాలో పోయేవాళ్ళు నన్ను చూసి ఆగారు. నేను నవ్వుతున్నానట.

లోపలికి వెళ్ళేసరికి మట్టి మీద ఒక మొగ్గ రాలి ఉంది. ఎనిమిది మిగిలాయి.

రోజు 25

"నీళ్ళు లెక్కకు మించి పడ్డాయి." ముల్లు లేచింది. ఒక మొగ్గ పోయింది. ఏడు.

రోజు 26

"ఎక్కువ నీళ్ళు కుళ్ళాయప్పే పోశాడు." కదల్లేదు.

"వేరేవాళ్ళు పోస్తుంటే కుళ్ళాయప్ప చూశాడు." లేచింది. రెండు మొగ్గలు. అయిదు మిగిలాయి.

అయిదున్నాయి గదా. కాయ కావడానికి ఒక్కటి చాలు.

రోజు 28

"సభలో అబద్ధం చెప్పాను." వాడి గొంతుతో చెప్పినట్టే చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. తలుపు వేయకముందే ముల్లు లేచింది. నాలుగు మొగ్గలు మిగిలాయి.

ఇంకొక్క వాక్యం ఉంది. దాన్ని చివరికి దాచుకున్నాను. ముప్పై ఏళ్ళుగా నేను వినాలనుకున్నది అదొక్కటే: "రాయుడికి అన్యాయం చేశాను." వాడు ఈ గదిలో కాకపోయినా, ఎక్కడో, ఒక ముళ్ళగుండు ముందైనా ఆ మాట అన్నాడా?

ముందు మొక్కను బలపరచాలి. వాడు విననిది ఏదైనా పెట్టాలి. పుస్తకాలు పెడతాను. వాడికి చదువు రాదు.

రోజు 31

పరుపులోంచి నా పుస్తకం తీశాను. వాడు సభలో నిందించిన పుస్తకం, వాడికి ఒక్క అక్షరం తెలియని పుస్తకం. ఇంతకంటే కొత్త మాటలు ఈ లోకంలో ఉండవు అనుకున్నాను. మొదటి పుట నుంచి చదివాను. చాలా ఏళ్ళ తర్వాత పైకి చదివాను గనక వాక్యాలు బాగున్నాయనిపించి ఆగలేకపోయాను. నలభై పుటలు చదివి, పెదాలు తుడుచుకుని, భోజనానికి బయటికి వచ్చాను.

ముల్లు మూడో గీత మీద ఉంది. నేను తినకుండా అక్కడే నిలబడ్డాను. చాలాసేపటికి గాని దిగలేదు.

నలభై పుటలూ తిప్పి పంపింది. ఒక్క వాక్యం కూడా ఉంచుకోలేదు. మట్టి మీద మూడు మొగ్గలున్నాయి. గుండు మీద ఒక్కటి.

గదిలో వక్కాకు వాసన ఎంత దట్టంగా ఉందంటే, కూర్చోవడానికి చోటు అడగాలనిపించింది.

రోజు 32

దస్తగిరమ్మ చెప్పిందేమో, శివలీల పొద్దున్నే వచ్చింది. ఈసారి గడప బయట నిలబడలేదు. గడప మీదే కూర్చుంది.

"తొమ్మిది ఉండె. ఒగటుంది. ఏం చేస్తాండారు సార్ నా బిడ్డను?"

చెప్పాను. దాచలేదు. మీటరు గురించీ వాక్యాల గురించీ వరసగా చెప్పాను. నన్ను పిచ్చివాడనుకుంటుందని అనుకున్నాను. ఆమె ముఖంలో ఆశ్చర్యం కనిపించలేదు. కోపమే కనిపించింది.

"ఇదంతా మొక్కనడుగుతాండారా? నేను బతికే ఉండా గదా. నాలుగు గడపల అవతల. నన్నడిగింటే ఒగ గలాసు టీ తాగేలోపల చెప్పేసేదాన్ని."

"మీ ఇంటి మనిషితో మాట్లాడి ముప్పై ఏళ్ళయింది."

"మొక్క మా ఇంటిది కాదా?"

నేను తొట్టి అంచుకు అంటిన మట్టి తుడిచాను.

"మీ పుస్తకం నేనే చదివినా వానికి. ప్లేట్లు చేసేదానికి గంపల్లో ఏస్తాంటే ఒగటి నడుముకు కట్టుకోని ఎత్తకొచ్చినాడు. నాకు తొమ్మిదేండ్లు. దినామూ సాయంత్రం మొక్క ముందర కూర్చోబెట్టి చదివిచ్చేవాడు. తప్పు చదివితే తొడపాశం. 'రాయుడు అట్ల రాయల్యా, సరిగ్గా చదువు' అనేవాడు. నాకు సదువొచ్చిందే మీ పుస్తకంతో."

"నీళ్ళు పోసిందెవరు?"

"ఇంకెవురు? అమ్మలు. పెద్దకర్మ దినం ఒగొగ ఇంటోళ్ళూ వచ్చి చెంబెడు చెంబెడు పోసిరి. చచ్చినోళ్ళు దాహంతో పొయ్యినారని. జ్వరమొచ్చి నీళ్ళు నీళ్ళు అంటా పొయ్యిన బిడ్డలు సార్. ఆ చెంబు పట్టుకొన్న్యోళ్ళను పొయ్యొద్దని ఎట్ల చెప్తాడు? మర్నాడు మళ్ళా వచ్చిరి. ఆ మర్నాడూ వచ్చిరి. మొక్కలు కుళ్ళినాక సభలో అందరూ ఎదురుగ్గా కూర్చోనుండారు. నీ బిడ్డ మొక్కను నువ్వే కుళ్ళబెట్టినావని యా తల్లికి చెప్పల్ల?"

"అందుకని నా పేరు చెప్పాడు."

"మీకు పెండ్లాం ల్యాకపాయ, బిడ్డలు ల్యాకపాయ. పుస్తకం పోతే మనిసి చావడులే అనుకొన్న్యాడు."

"తప్పనుకున్నాడు."

శివలీల గడప మీద ముందుకు జరిగింది. గొంతు తగ్గించి అంది. "సభ జరిగిన మర్నాడు మమ్మల్నందర్నీ బయటికి తోలి, తలుపేసుకోని, పొద్దంతా మొక్కతో మాట్లాడినాడు. ఏమన్న్యాడో వాని పెండ్లాం, మా జేజికి కూడా తెలీదు. మీకు గావాల్సింది అదే ఐతే, అది నా కాడ ల్యా. దాని కాడ ఉంది." ఒక్క మొగ్గ వైపు చూసింది. "అడిగేటట్టుంటే ఇప్పుడే అడగండి. నేను పొయ్యినాక ఒద్దు. నా ముందరే రాలనీ."

నేను లేచి తొట్టిని ఆమెకు కనిపించకుండా మంచం అవతల పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు. ఆమె కూడా లేచి వెళ్ళిపోయింది.

రోజు 33

ఏం పెట్టాలి? మొదట్లో ఎక్కిన కొన్ని తప్ప నా తిట్లన్నీ వాడు ముందే తనను తాను తిట్టుకుని వాడేశాడు. నా పుస్తకం కంఠస్థం చేసి వాడేశాడు. ముప్పై ఏళ్ళ నా కోపంలో కొత్తది ఏమీ మిగలలేదని ఒక ముళ్ళగుండు రుజువు చేసింది.

చివరికి ఈ చిట్టా తీసి మొదటి రోజు నుంచి చదివాను. మొక్క నా గదికి వచ్చాక జరిగినదంతా. వాడు చచ్చాక జరిగినది వాడెలా చెప్పి ఉంటాడు? బయటికి వచ్చి నిలబడ్డాను. ముల్లు సున్నా మీదే ఉంది.

ఇక నుంచి పొద్దున్న రాస్తాను. సాయంత్రం చదువుతాను. అందుకని ప్రతిరోజూ ఏదో ఒకటి జరిగేటట్టు చూసుకోవాలి.

రోజు 38

ఈ రోజు జరిగినవి: భోజనశాలలో నా పక్కన కూర్చున్నవాడికి ఉప్పు అందించాను. పదేళ్ళ తర్వాత గ్యాలరీ చివరిదాకా నడిచాను. అక్కడ గోడ చెమ్మగిల్లి నాచు పట్టింది. దస్తగిరమ్మకు మోకాళ్ళ నొప్పులని తెలిసింది. సభలో చేయెత్తినవాళ్ళలో ఇద్దరిని చూశాను. ఒకడికి నన్ను గుర్తుపట్టేంత చూపు లేదు. రెండోవాడికి చేయి లేవడం లేదు. ఇది రాస్తుంటే రావలసినంత సంతోషం రాలేదు.

మొక్క మూడు గుండ్లు పెరిగింది.

రోజు 47

మొగ్గ విచ్చుకుంది. గోరంత పువ్వు, ముదురు గులాబి, నడుమ పసుపు. సన్నని వెంట్రుక కుంచెతో పుప్పొడి అద్దాను. నా చేయి వణకకుండా దస్తగిరమ్మ ముంజేయి పట్టుకుంది.

"ఎంత మెత్తగా తాకుతాండారు సార్. పెండ్లికొడుకు లాగా."

"నోరు మూసుకుని గట్టిగా పట్టుకో."

శివలీల గడప బయట నిలబడి పువ్వును చూసింది. నన్ను చూడలేదు.

రోజు 58

పువ్వు వాడి రాలింది. అడుగున ఆకుపచ్చగా ఒక ఉబ్బు నిలిచింది. కాయే.

ఇది కూడా రాయాలి. మధ్యాహ్నం తొట్టి ముందు కూర్చుని నోరు తెరిచాను. "రాయుడికి" అన్నాను. అంతవరకు అన్నాను. మొక్క మీది నూగు కదలడం ఆగిపోయింది. గదిలో గాలి కూడా ఆగినట్టనిపించింది. ఎదుట ఎవరో మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, మిగతా సగం కోసం ముందుకు వంగినట్టు అనిపించింది. వాడికీ వినాలని ఉందేమో. లేదా చెప్పాలని ఉందేమో.

కాయ బియ్యపు గింజంత ఉంది. నోరు మూసుకుని బయటికి వెళ్ళాను. ఈ సాయంత్రం ఈ సంగతి చదవలేదు. ఇంతకుముందు రోజుల చిట్టానే ఒడుపుగా మార్చి చదివాను. మొక్క ఊరుకుంది.

రోజు 79

కాయ ఎర్రబారింది. మిరపపండును చిన్నది చేసి నిలబెట్టినట్టుంది. సభవాళ్ళు ముగ్గురు వచ్చి, భూతద్దం పెట్టి చూసి, అంటించినది కాదని తేల్చారు. శివలీల పేరు మీద కాగితం రాశారు. రేపు పొద్దున్న మొక్కను కాయతో సహా వాళ్ళింటికి తీసుకుపోతారు. బిడ్డ పుట్టేదాకా కాయ మొక్క మీదే ఉండాలి. ఎండితే కాగితం చెల్లదు.

అంటే అడగడానికి ఇక ఈ సాయంత్రమే ఉంది. అడిగితే కాయ ఉంటుందో లేదో తెలియదు. మొగ్గకంటే కాయ గట్టిదని నా పుస్తకంలోనే రాశాను. ఎంత గట్టిదో రాయలేదు.

కాగితం తీసుకున్నాక శివలీల గడప దగ్గరికి వచ్చింది. ఆమె మొగుడు ఎర్రిస్వామి వెనక నిలబడి ఏడుస్తున్నాడు.

"అడిగినారా సార్?" అంది.

"రేపు చెబుతాను."

రోజు 80

నిన్న సాయంత్రం మొక్క ముందు కూర్చున్నాను. దీపాలు సగం తగ్గాయి. పక్క గదుల్లో అందరూ ఎవరి మొక్కలతో వాళ్ళు గొణుక్కుంటున్నారు. నేను అరగంట కూర్చున్నాను. పొద్దున్న లేచి చిట్టాలో ఒకే మాట రాశాను:

అడగలేదు.

మోసేవాళ్ళు వచ్చే లోపల దీన్ని కూడా పెట్టి పంపిద్దామనుకున్నాను. ఇంతకంటే కొత్త మాట నా దగ్గర లేదు. ముప్పై ఏళ్ళలో నేను చేసిన పనుల్లో, నా గురించి నాకే తెలియకుండా ఉన్న పని అదొక్కటే. తొట్టి దగ్గరికి వంగి, "రాయుడు అడగలేదు," అని చదివాను. బయటికి వచ్చి తలుపు వేశాను. అలవాటు కొద్దీ తలెత్తి చూశాను.

ముల్లు లేస్తోంది.

ఒక గీత దగ్గరికి వచ్చి నిలిచింది. పావుగంట అక్కడే ఉంది. వణకలేదు.

తలుపు తోసుకుని వెళ్ళాను. కాయ ఉంది. చేత్తో తాకి చూశాను, గట్టిగానే ఉంది. తూచాను. ఒక్క గుండు తక్కువ. ఒక్కసారి చెప్పిన మాటకు అంతే పోతుంది. ముప్పై ఏళ్ళలో ఎప్పుడో, ఒకే ఒక్కసారి, వాడు ఈ మాట దీనికి చెప్పి పెట్టాడు. అడగడని చెప్పాడు. నేను నిన్న సాయంత్రం దాకా ఆలోచించి తేల్చుకున్నదాన్ని వాడు చదువురాని నోటితో ఎప్పుడో అనేసి, ఆ ధైర్యంతోనే మనవరాలి బిడ్డను నా చేతిలో పెట్టి పోయాడు.

నా గురించి ఒక్క మాటైనా నాకు మిగల్చలేదు వాడు.

దస్తగిరమ్మ వచ్చింది. గుమ్మంలో ఆగి తలెత్తి మీటరు చూసింది. తర్వాత నన్ను చూసింది. ముల్లు ఇంకా పూర్తిగా దిగలేదు.

"రెండు ఊపిర్లు చూపిస్తాంది సార్. లోపల యావురన్నా ఉండారా?"

"ఉన్నాడు," అన్నాను. తొట్టిని రెండు చేతులా ఎత్తి ఆమెకిచ్చాను. "తీసుకుపో. ఇంటికి పోవాలంటున్నాడు."